అద్దాల మేడలు, న్యాయ విద్యాలయాలు ఒకేసారి వచ్చాయి. ఇంటర్నెట్ చట్టం చదువు మాత్రం ఆలస్యమైంది

కోల్‌కతా విమానాశ్రయంలో దిగి న్యూ టౌన్ మీదుగా ఊళ్లోకి వెళ్లే తెలుగువాళ్లకు గచ్చిబౌలి గుర్తుకు రాక మానదు. అవే వెడల్పాటి రోడ్లు, అవే అద్దాల మేడలు, మధ్యలో అమ్ముడై కూడా ఇంకా కట్టని ఖాళీ జాగాలు. పొలాలు, చేపల చెరువులతో ఉండే రాజార్‌హాట్ ప్రాంతాన్ని కొత్త నగరంగా మార్చడానికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1999లో హిడ్కో అనే సంస్థను పెట్టింది. ఇప్పుడక్కడ టీసీఎస్ ప్రాంగణం ఉంది. ఏళ్ల తరబడి నానిన ఇన్ఫోసిస్ ప్రాంగణం 2024 డిసెంబరులో తెరుచుకుంది. హైదరాబాద్ కంపెనీ కంట్రోల్ఎస్ ఇక్కడ డేటా సెంటర్ కట్టింది.

అదే 1999లో, కాలువకు ఇవతల ఉన్న సాల్ట్ లేక్‌లో ఇంకో సంస్థ పుట్టింది. పేరు పశ్చిమ బెంగాల్ జాతీయ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయం, వాడుకలో ఎన్‌యూజేఎస్. అంతకుముందు బెంగళూరులో నేషనల్ లా స్కూల్‌ను నిలబెట్టిన ఎన్.ఆర్. మాధవ మీనన్ దీనికి తొలి వైస్ ఛాన్స్‌లర్. హైదరాబాద్ కథ కూడా ఇంచుమించు ఇదే. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది కూడా ఆ ఏడాదే.

అంటే దేశంలో తొలి ఇంటర్నెట్ చట్టం రాకముందే రెండు రాష్ట్రాల్లోనూ సాఫ్ట్‌వేర్ నగరానికి, న్యాయ విద్యాలయానికి పునాదులు పడ్డాయి. ఒకచోట కోడ్ రాసేవాళ్లు, ఇంకోచోట చట్టం చదివేవాళ్లు. మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే. అయినా ఇంటర్నెట్ మీద అధికారం ఎవరిది, తప్పు జరిగితే జవాబుదారీ ఎవరు అన్న ప్రశ్నలు తరగతి గదిలో నానకుండానే పోలీస్ స్టేషన్‌కు చేరాయి. సర్వీసు కంపెనీలకు నోటీసులిచ్చి పోస్టులు తీయించే ‘సహయోగ్’ పోర్టల్ మీద ఇప్పుడు సాగుతున్న వివాదం అర్థం కావాలంటే ఆ ఆలస్యం ఎలా జరిగిందో చూడాలి.

గుర్రాలకు వేరే చట్టం కావాలా?

ఇంటర్నెట్, చట్టం, సమాజం అనే మూడింటినీ కలిపి చదవడం విశ్వవిద్యాలయాల్లో ఒక శాఖగా మొదలైంది 1990ల మధ్యలో, అమెరికాలో. హార్వర్డ్ లా స్కూల్‌లో చార్లెస్ నెస్సన్, జొనాథన్ జిట్రైన్ కలిసి బర్క్‌మన్ సెంటర్‌ను మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. అయితే ఈ రంగానికి అసలు ఊపు తెచ్చింది ఒక వెక్కిరింత. 1996లో షికాగో విశ్వవిద్యాలయం సైబర్ చట్టం మీద సదస్సు పెట్టి ఫెడరల్ అప్పీళ్ల కోర్టు జడ్జి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రూక్‌ను పిలిచింది. ఆయన వచ్చి, అసలు ఇలాంటి సబ్జెక్టే అక్కర్లేదన్నారు. గుర్రాన్ని అమ్మితే ఒప్పందాల చట్టం ఉంది. గుర్రం తన్నితే నష్టపరిహారం చట్టం ఉంది. గుర్రాన్ని దొంగిలిస్తే శిక్షాస్మృతి ఉంది. వీటన్నిటినీ ఏరి ‘గుర్రాల చట్టం’ అని ఒక పాఠం చెబితే విద్యార్థికి ఒరిగేదేమిటి? సైబర్ చట్టమూ అంతే అన్నది ఆయన వాదన.

దానికి మూడేళ్ల తర్వాత హార్వర్డ్ లా రివ్యూలో లారెన్స్ లెసిగ్ జవాబు రాశారు. బయటి ప్రపంచంలో మనిషి నడతను అదుపు చేసేవి చట్టం, సంఘం కట్టుబాట్లు, ధర, భౌతిక పరిసరాలు. ఇంటర్నెట్‌లో ఆ పరిసరాల స్థానంలో కోడ్ ఉంటుంది. గోడ ఎక్కడ ఉండాలో, తలుపు ఎవరికి తెరుచుకోవాలో ప్రోగ్రామ్ రాసినవాడు నిర్ణయిస్తాడు. శాసనసభలో చర్చ లేకుండా, ఓటు లేకుండా అమలయ్యే నియమం అది. అదే ఏడాది వచ్చిన ఆయన పుస్తకం ‘కోడ్ అండ్ అదర్ లాస్ ఆఫ్ సైబర్‌స్పేస్’ ఈ విషయాన్నే విస్తరించింది. జోయల్ రైడెన్‌బర్గ్ అంతకు ఏడాది ముందే ఇలాంటి మాటే ఇంకో పేరుతో చెప్పారు. ఇంటర్నెట్‌కు దేశాల సరిహద్దులు పనికిరావని 1996లోనే డేవిడ్ జాన్సన్, డేవిడ్ పోస్ట్ వాదిస్తే, ఎందుకు పనికిరావని జాక్ గోల్డ్‌స్మిత్ రెండేళ్లకు ఎదురు తిరిగారు.

ఈ గొడవంతా గాలిలో జరగలేదు. 1996 ఫిబ్రవరి 8న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ టెలికాం చట్టం మీద సంతకం పెట్టారు. ఇంటర్నెట్‌లో ‘అసభ్యత’ను నేరం చేసే నిబంధనలు అందులో భాగం. మరుసటి ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. చట్టం వచ్చిన వెంటనే పండితులు, హక్కుల సంఘాలు, కోర్టులు మూడూ కలబడ్డాయి. ఆ కలబడటం నుంచే రంగం ఎదిగింది.

మన దగ్గర వరస తిరగబడింది

వీఎస్ఎన్ఎల్ మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది 1995 ఆగస్టు 15న. ఐదేళ్లు తిరక్కుండానే సమాచార సాంకేతిక చట్టం వచ్చింది. 2000 మేలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 9న రాష్ట్రపతి సంతకమైంది, అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. దాని పీఠిక చదివితే పుట్టుక ఏమిటో తెలిసిపోతుంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల కమిషన్ తయారుచేసిన నమూనాను, దాన్ని సిఫారసు చేసిన 1997 జనవరి 30 నాటి తీర్మానాన్ని పేరు పెట్టి చెప్పింది. కాగితం మీద సంతకానికి ఉన్న విలువ డిజిటల్ సంతకానికి ఇవ్వడం, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఒప్పుకోవడం, వ్యాపారం ఆగకుండా చూడటం దాని ప్రధాన లక్ష్యాలు. అందులో తప్పేమీ లేదు. అయితే పౌరుడు మాట్లాడటానికి కూడా ఇదే తీగ వాడతాడన్న ఊహ ఆ పాఠంలో ఎక్కడా బలంగా కనిపించదు.

విశ్వవిద్యాలయాల్లో దాన్ని ప్రశ్నించే పరిశోధన అప్పటికి లేదనే చెప్పాలి. ఆ పని మొదలైంది వాటి గోడల బయట. 2000లో ఢిల్లీలో సీఎస్‌డీఎస్ కింద సరాయ్ అనే బృందం ఏర్పడి నగరం, మీడియా, పైరసీల మీద పనిచేసింది. అదే ఏడాది బెంగళూరులో ఆల్టర్నేటివ్ లా ఫోరమ్ వచ్చింది. కాపీరైట్ గురించి లారెన్స్ లియాంగ్ రాసినవి చాలావరకు అక్కడి నుంచే. బెంగళూరు లా స్కూల్ విద్యార్థులు చట్టం, సాంకేతికతల మీద ప్రత్యేకంగా ఒక జర్నల్ తెచ్చింది 2005లో. సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అదే నగరంలో తలుపులు తెరిచింది 2008లో. అప్పటికి చట్టానికి ఎనిమిదేళ్లు.

ఈ ఎనిమిదేళ్లలో కోర్టులు ఆగలేదు కదా. లెసిగ్ చెప్పిన విషయానికి సరిగ్గా సరిపోయే కేసు ఒకటి హైదరాబాద్‌లోనే వచ్చింది. రిలయన్స్ ఇన్ఫోకామ్ అప్పట్లో ఫోన్లను తక్కువ ధరకు ఇచ్చి, అవి తన నెట్‌వర్క్‌లోనే పనిచేసేలా తాళం వేసింది. టాటా ఇండికామ్ ఉద్యోగులు ఆ ఫోన్ల ప్రోగ్రామును మార్చి తమ నెట్‌వర్క్‌లోకి తెస్తున్నారని కేసు పెట్టింది. అది కొట్టేయాలని ఉద్యోగులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. 2005 జులైలో వచ్చిన తీర్పు, సెల్‌ఫోన్ కూడా ఐటీ చట్టం ప్రకారం కంప్యూటరేనంది. ఫోన్ గుర్తింపు సంఖ్యను మార్చడం ‘కంప్యూటర్ సోర్సు కోడ్’కు సంబంధించిన 65వ సెక్షన్ కిందికి రాగలదంటూ ఆ సెక్షన్ కింద విచారణ సాగనిచ్చింది.

సైబర్ చట్టం పుస్తకాల్లో ఈ కేసును ‘సెల్‌ఫోన్ కంప్యూటరే’ అన్న ఒక్క వాక్యం కోసం చెబుతారు. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటుంది. ఒక కంపెనీ తన వ్యాపారం కోసం కోడ్‌లో తాళం రాసుకుంది. ఆ తాళం తీయడం మూడేళ్ల జైలు పడే నేరం కావచ్చని చట్టం ఒప్పుకుంది. డబ్బు పెట్టి కొన్న ఫోన్ మీద హక్కు కొన్నవాడిదా, కోడ్ రాసినవాడిదా? ఈ ప్రశ్న ఆ రోజు హైకోర్టు ముందుకు నేరుగా రాలేదు. దాన్ని తయారుచేసి పెట్టాల్సిన వాళ్లు వేరు. శామీర్‌పేటలోని నల్సార్‌కు ఆ కేసు నడిచిన హైకోర్టు ఒక బస్సు ప్రయాణం దూరం.

చట్టంలో ఒక పదం తక్కువైతే

రెండో హైదరాబాద్ కేసు ఇంకా నేర్పుతుంది. ఆస్బెస్టాస్ రేకులు తయారుచేసే విశాఖ ఇండస్ట్రీస్ మీద 2008లో గూగుల్ గ్రూపులో విమర్శలు వచ్చాయి. కంపెనీ పరువునష్టం కేసు వేస్తూ గూగుల్ ఇండియాను కూడా నిందితుల్లో చేర్చింది. తాము వేదిక మాత్రమేనని గూగుల్ వాదించింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011లో ఒప్పుకోలేదు. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు కూడా కేసు కొట్టేయడానికి నిరాకరించింది.

కారణం 79వ సెక్షన్ పాత రూపం. ఇతరులు పెట్టిన సమాచారానికి సర్వీసు కంపెనీ ‘ఈ చట్టం కింద’ బాధ్యురాలు కాదని 2000 నాటి పాఠం చెప్పింది. పరువునష్టం ఐటీ చట్టం కిందది కాదు, శిక్షాస్మృతి కిందది. అందువల్ల రక్షణ లేదు. మిగతా చట్టాలకు కూడా ఈ రక్షణ వర్తించేలా సవరణ వచ్చింది గానీ, అది 2009 అక్టోబరులోనే అమలైంది. 2008 నాటి రాతలకు అది అందలేదు.

ఆ సవరణ వచ్చిన తీరు కూడా గమనించదగ్గది. 2004 డిసెంబరులో బాజీ డాట్ కామ్ సీఈవో అవనీష్ బజాజ్‌ను, ఎవరో తన సైట్‌లో అమ్మకానికి పెట్టిన అశ్లీల క్లిప్పు విషయంలో అరెస్టు చేశారు. కంపెనీలకు రక్షణ కావాలన్న ఒత్తిడి అక్కడ మొదలైంది. నాలుగేళ్ల తర్వాత, ముంబయి దాడులు జరిగి నెల తిరగకుండానే, సవరణ బిల్లు గందరగోళం మధ్య చర్చ లేకుండా లోక్‌సభ దాటింది. కంపెనీలు అడిగిన రక్షణ దొరికింది. ఎవరూ అడగని 66ఏ సెక్షన్ కూడా దానితో పాటే వచ్చింది. ‘చిరాకు’, ‘అసౌకర్యం’ కలిగించే సందేశానికి మూడేళ్ల దాకా జైలు.

దాని ఫలితం కోల్‌కతా 2012 ఏప్రిల్‌లో చూసింది. రైల్వే మంత్రి మార్పు మీద సత్యజిత్ రాయ్ సినిమా ‘సోనార్ కెల్లా’ను గుర్తుచేసే ఒక వ్యంగ్య చిత్రాన్ని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర తన హౌసింగ్ సొసైటీ సభ్యులకు ఈమెయిల్‌లో పంపారు. మమతా బెనర్జీ అందులో ఒక పాత్ర. పోలీసులు ఆయన్ను, ఆ సొసైటీలోనే ఉండే ఒక పెద్దాయనను అరెస్టు చేశారు. ఇద్దరికీ 50,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆ ఆగస్టులోనే సిఫారసు చేసింది. కేసు మాత్రం కదల్లేదు.

మరుసటి ఏడాది మే 12న హైదరాబాద్ వంతు. చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్, అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్యల మీద ఫేస్‌బుక్‌లో పెట్టిన రాతలకు గాను న్యాయవాది, పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ రాష్ట్ర అధ్యక్షురాలు జయ వింధ్యాలను పోలీసులు అరెస్టు చేశారు. విషయం సుప్రీంకోర్టుకు చేరింది. మే 16న కోర్టు సెక్షన్ మీద స్టే ఇవ్వలేదు. పై స్థాయి పోలీసు అధికారి అనుమతి లేకుండా ఈ సెక్షన్ కింద అరెస్టులు చేయొద్దన్న కేంద్రం సలహాను రాష్ట్రాలు పాటించాలంది. ‘పై అధికారి అనుమతి’ అన్న ఈ మందును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ కనిపిస్తుంది.

లెక్కపెట్టిన వాళ్లు

మన దేశంలో ఇంటర్నెట్ చట్టం పరిశోధనకు నిజమైన పదును వచ్చింది ఈ కేసుల తర్వాతే. అది సిద్ధాంతం నుంచి వచ్చిందని చెప్పలేం. లెక్కపెట్టడం నుంచి వచ్చింది. ఫిర్యాదు అందితే 36 గంటల్లో స్పందించాలని 2011లో కేంద్రం సర్వీసు కంపెనీలకు నిబంధన పెట్టింది. ఇది ఎలా పనిచేస్తుందో చూడాలని రిషభ్ దారా అనే పరిశోధకుడు, బెంగళూరు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున, కావాలనే లోపాలు పెట్టిన ఫిర్యాదులు ఏడు సంస్థలకు పంపారు. ఆరు సంస్థలు అవసరానికి మించి తొలగించేశాయి. ఫిర్యాదులో పస ఉందా లేదా అని చూసే ఓపిక వాటికి లేదు. కేసు తలకు చుట్టుకోకుండా ఉంటే చాలు. 2012లో వచ్చిన ఆ అధ్యయనం చిన్నదే. వంద ఉపన్యాసాలు చేయలేని పని చేసింది.

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 66ఏను కొట్టేసింది. అదే తీర్పులో, కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటిఫికేషనో ఉంటేనే కంపెనీలు సమాచారం తొలగించాలని 79వ సెక్షన్‌కు హద్దు గీసింది. విజయం పూర్తయిందని అందరూ అనుకున్నారు. మూడేళ్ల తర్వాత అభినవ్ సేఖ్రీ, అపర్ గుప్తా రాసిన పరిశోధనా పత్రం అసలు సంగతి బయటపెట్టింది. కొట్టేసిన సెక్షన్ కింద స్టేషన్లలో కేసులు కడుతూనే ఉన్నారు. 11 రాష్ట్రాల జిల్లా కోర్టుల్లో 745 కేసులు ఇంకా నడుస్తున్నాయని 2021లో పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు లెక్క చూపింది. ధర్మాసనం విస్తుపోయింది. 66ఏ కింద ఎవరినీ విచారించకూడదని 2022 అక్టోబరు 12న మళ్లీ ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఒకసారి చంపినదాన్ని రెండోసారి చంపడమన్నమాట.

అంబికేశ్ మహాపాత్రకు అలీపూర్ కోర్టు విముక్తి ఇచ్చింది 2023 జనవరిలో. సెక్షన్ పోయిన ఏడేళ్ల పది నెలలకు. ఆయనతో పాటు అరెస్టయిన పెద్దాయన అప్పటికే కన్నుమూశారు.

ఈలోగా విశ్వవిద్యాలయాలూ మేల్కొన్నాయి. చిన్మయి అరుణ్ దారి ఇందుకు మంచి ఉదాహరణ. ఆమె నల్సార్‌లో చదివారు, సాల్ట్ లేక్‌లోని ఎన్‌యూజేఎస్‌లో పాఠాలు చెప్పారు, 2013లో ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ గవర్నెన్స్ కేంద్రాన్ని స్థాపించారు, తర్వాత యేల్‌లో ఇదే రంగంలోని ప్రముఖ కేంద్రానికి సారథి అయ్యారు. హైదరాబాద్, కోల్‌కతా రెండూ ఈ దారిలో ఉన్నాయి. రెండూ మజిలీలుగానే ఉన్నాయి.

పోలీసుల వాదనలో బలం

ఇక్కడ ఇంకో వైపు చూడకపోతే అన్యాయమవుతుంది. న్యూ టౌన్, పక్కనున్న సెక్టర్ ఫైవ్ పేర్లు వార్తల్లోకి వచ్చేది ఐటీ కొలువుల వల్లే కాదు. విదేశీ వృద్ధులను బెదిరించి డబ్బు గుంజే నకిలీ కాల్ సెంటర్ల మీద బిధాన్‌నగర్ పోలీసులు దాడులు చేస్తూనే ఉంటారు. డిజిటల్ అరెస్టు పేరుతో జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్న కుటుంబాలు విజయవాడలోనూ ఉన్నాయి, కోల్‌కతాలోనూ ఉన్నాయి. వేగంగా స్పందించే అధికారం కావాలని పోలీసులు అడిగితే కాదనడం కష్టం.

కానీ ఆ అధికారం ఏ చట్టం నుంచి వస్తోందో చూడాలి. డిజిటల్ అరెస్టు కేసులో దేశంలోనే తొలి శిక్ష పడింది పశ్చిమ బెంగాల్‌లో, నదియా జిల్లా కల్యాణి కోర్టులో. 2025 జులైలో తొమ్మిది మందికి యావజ్జీవం విధించారు. ఐటీ చట్టంతో పాటు ఆ కేసును మోసింది భారతీయ న్యాయ సంహితలోని మామూలు సెక్షన్లే. ఈస్టర్‌బ్రూక్ గుర్రాల వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదేమో. దొంగను పట్టుకోవడానికి పాత చట్టం చాలావరకు సరిపోయింది. కార్టూన్ పంపినవాడిని పట్టుకోవడానికే కొత్త చట్టం కావాల్సి వచ్చింది.

మళ్లీ అదే మందు

కేంద్ర హోంశాఖ 2024 అక్టోబరులో మొదలుపెట్టిన సహయోగ్ పోర్టల్ నడిచేది 79(3)(బి) సెక్షన్ మీద. శ్రేయా సింఘాల్ తీర్పు హద్దు గీసింది ఈ సెక్షన్‌కే. సమాచారాన్ని అడ్డుకోవడానికి ఐటీ చట్టంలోనే 69ఏ అనే వేరే సెక్షన్ ఉంది. దానికి కమిటీ, విచారణ, రాతపూర్వక కారణాలు కావాలి. సహయోగ్‌లో అధికారి నోటీసు చాలు. కంపెనీ తొలగించకపోతే చట్టం ఇచ్చే రక్షణ పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది. దీన్ని ఎక్స్ సంస్థ కర్ణాటక హైకోర్టులో సవాలు చేసింది. 2025 సెప్టెంబరు 24న హైకోర్టు ఆ పిటిషన్ కొట్టేసింది. శ్రేయా సింఘాల్ తీర్పు 2011 నాటి నిబంధనల గురించి చెప్పిందని, 2021లో వచ్చిన కొత్త నిబంధనలకు దాన్ని అతికించలేమని అంది. అప్పీలుకు వెళ్తామని ఎక్స్ ప్రకటించింది.

ఈ వాదన నిలిస్తే 2012లో రిషభ్ దారా తేల్చిన విషయాన్ని మళ్లీ మొదటి నుంచి తేల్చాలి. 2021 నిబంధనలు కూడా మొదట అదే 36 గంటల గడువు పెట్టాయి. తేడా ఏమిటంటే అప్పుడు ఫిర్యాదు పంపి చూడటం పరిశోధకుడికి సాధ్యమైంది. ఇప్పుడు నోటీసు పంపేది ప్రభుత్వ అధికారి, అందుకునేది కంపెనీ. ఎవరి రాత పోయిందో వాళ్లకు కూడా నోటీసు పాఠం చూపాలన్న నియమం లేదు. అమెరికాలో ఈ రంగం తొలి రోజుల్లోనే న్యాయ విద్యాలయాలు తొలగింపు నోటీసులను పోగుచేసి అందరికీ చూపే పని మొదలుపెట్టాయి. 2000ల ఆరంభంలో వెండీ సెల్ట్‌జర్ ప్రారంభించిన ఆ సంకలనం ఇప్పుడు ల్యూమెన్ పేరుతో హార్వర్డ్ బర్క్‌మన్ సెంటర్‌లో ఉంది. కంపెనీలు తమంతట తాము పంపితే తప్ప సహయోగ్ నోటీసులు అక్కడికి చేరవు.

కర్ణాటక తీర్పు వచ్చిన నెలలోపే, అక్టోబరు 22న, కేంద్రం నిబంధనలు సవరించింది. ఇకపై తొలగింపు నోటీసును కేంద్రంలో జాయింట్ సెక్రటరీ స్థాయికి, పోలీసుల్లో డీఐజీ స్థాయికి తగ్గని అధికారి మాత్రమే పంపాలి. కారణాలు రాయాలి. నోటీసులను నెలకోసారి పై అధికారి సమీక్షించాలి. నవంబరు 15 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. జయ వింధ్యాల అరెస్టు తర్వాత 2013 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు గుర్తుచేసిన జాగ్రత్త కూడా పై అధికారి సంతకమే. ఆ జాగ్రత్త అమల్లో ఉన్న రోజుల్లోనూ 66ఏ కింద కేసులు నమోదవుతూ వచ్చాయి, సెక్షన్‌ను కొట్టేసే దాకా.